ఎలా కోసినా అదే జవాబు

ఆ ఏడు ఏప్రిల్లో సూరత్ ఊరంతా ఎండకు ఉడికిపోతుంటే, మా ఆయన అంతకంటే పెద్ద వేడి కోసం వెతుకుతున్నాడు. అదీ ఏసీ గదిలో కూర్చుని.

ఆ ఊరి ఉధ్నా పేటలో మా ఇంటికి ఉన్నది ఒకటే ఏసీ. కరోనా రెండోసారి విరుచుకుపడి కాలేజీలో కంప్యూటర్ల గదికి తాళం పడగానే, మా ఆయన జయదేవ్ అక్కడి పెద్ద కంప్యూటర్ పెట్టెనొకదాన్ని ఆటోలో వేసుకొచ్చి మా హాల్లో పెట్టాడు. అది మనుషుల కంటే సుకుమారం. గది కాస్త వేడెక్కితే చాలు, అలిగి ఆగిపోతుంది. దాని పుణ్యమా అని మేం నలుగురం చల్లగా బతికాం.

"లక్షల కోట్ల డిగ్రీల వేడి లెక్కగట్టేవాడికి ఏసీ ఎందుకురా జయా?" అని మామయ్య రోజుకోసారైనా అనేవారు. "ఇంజను బాయిలర్ ముందు నిలబడి బొగ్గు వేసినవాళ్ళను చూశాన్నేను. ఒక్కడూ ఏసీ అడగలేదు."

మామయ్య గురుమూర్తి గారు గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి ఉధ్నాలోనే రిటైరయ్యారు. సొంతూరు ఒంగోలు పక్కన అని చెప్పుకోవడమే కానీ, ఆయన జీవితమంతా ఈ పట్టాల పక్కనే గడిచింది. ఆయన బండి ఎక్కాక తిరిగి ఏ వేళకు ఇంటికొస్తారో తెలియని కాపురం మా అత్తయ్యది. అందుకే కాబోలు, రిటైరయ్యాక ఆయన కళ్ళెదుట ఉంటే చాలన్నట్టు ఉండేది వెంకటసుబ్బమ్మ గారు. ఆయన పేపరు చదువుకుంటే పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ఆయన కునుకు తీస్తే ఈవిడ టీవీ కట్టేసేది.

మా ఆయన ఏం చేస్తాడని నేను పనిచేసే బ్యాంకులో ఎవరైనా అడిగితే, ఫిజిక్స్ పాఠాలు చెబుతాడని ఊరుకునేదాన్ని. పాఠాలు కాక ఇంకేం చేస్తాడో నాకు కాస్త బోధపడింది ఆ మార్చి చివర్లో, ఖమణ్ పళ్ళెం ముందు.

ఒక ఆదివారం పొద్దున జయదేవ్ వీధి చివరి దుకాణం నుంచి ఆ మెత్తటి శనగపిండి ఫలహారాన్ని పళ్ళెం పళ్ళెమే పట్టుకొచ్చాడు. ముక్కలు కూడా కోయించలేదు. ముఖం వెలిగిపోతోంది.

"రెండూ కలిశాయి," అన్నాడు.

"ఎవరి పిల్లరా?" అంది అత్తయ్య, ఏదో పెళ్ళి సంబంధం జాతకాలనుకుని.

"పిల్లా లేదు పిల్లాడూ లేడు. జవాబులమ్మా. ఇన్నేళ్ళుగా కొట్టుకు చస్తున్న రెండు జవాబులు."

మామయ్య పేపరు మడిచి పక్కన పెట్టారు. కొడుకు పని గురించి ఆయనకు ఎగతాళి ఎంతో ఆసక్తీ అంతే. జయదేవ్ కత్తి పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

"అణువు లోపలికి, ఇంకా లోపలికి పోతే క్వార్కులని ఉంటాయి నాన్నా. ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. విడదీయబోతే పట్టు ఇంకా బిగుస్తుంది. కానీ బాగా వేడి చేస్తే ఆ పట్టు వదిలిపోతుంది. ఎలా వదులుతుంది అన్నదే నా లెక్క. మెల్లగా సడలుతుందా, ఠపీమని తెగుతుందా?"

"వేడి చేసి చూడు."

"అంత వేడి మన దగ్గరెక్కడిది? కంప్యూటర్లో చేస్తాం. అందుకోసం చోటునీ కాలాన్నీ ఇలా గళ్ళుగా కోస్తాం." ఖమణ్ మీద అడ్డంగా నిలువుగా గీతలు గీశాడు. "ఇక్కడే ఉంది చిక్కు. ఈ గళ్ళు ఖమణ్‌లో లేవు, కత్తిలో ఉన్నాయి. దుకాణంవాడు నలుపలకలుగా కోస్తాడు, అమ్మ ఐమూలగా కోస్తుంది. ఎలా కోసినా రుచి ఒకటే అవ్వాలి. కాలేదంటే నేను చూస్తున్నది ఖమణ్‌ని కాదు, కత్తిని."

మామయ్య ఒక ముక్క నోట్లో వేసుకుని ఆలోచించారు. "మరి నీ కత్తులేమన్నాయి?"

"ఇన్నాళ్ళూ ఒక కోతలో మెల్లగా సడలేది, ఇంకో కోతలో ఠపీమని తెగేది. ఈసారి రెండింట్లోనూ మెల్లగానే సడలింది. బరాబర్ ఒకటే! ఒక పద్ధతి అబద్ధం చెప్పొచ్చు నాన్నా. సంబంధం లేని రెండు పద్ధతులు ఒకే అబద్ధం చెప్పవు."

"అంటే మన బెజవాడ లాగా. ఏ బండెక్కినా, ఏ లైన్లో పోయినా దిగేది బెజవాడలోనే."

"అంతే."

"దీనికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు!" అని మామయ్య పకపకా నవ్వారు. కానీ ఆ వారమంతా ఫోన్ చేసిన ప్రతి పాత రైల్వే మిత్రుడికీ, మావాడు సాధించాడోయ్ అని చెప్పుకున్నారు. ఏం సాధించాడని అడిగితే బెజవాడ కథ చెప్పేవారు. జయదేవ్ ఆ వ్యాసాన్ని ఒక పత్రికకు పంపించాడు.

ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి నవ్వులు తగ్గాయి. మా వీధిలో మరమగ్గాల చప్పుడు పలచబడింది. పక్కనున్న భేస్తాన్ పేట నుంచి మన తెలుగువాళ్ళు, ఒడియా వాళ్ళు, బీహారు వాళ్ళు మూటలతో సొంతూళ్ళకు పోయే బస్సుల కోసం నిలబడుతున్నారు. అంబులెన్స్ కూతకు మొదట్లో కిటికీలోంచి తొంగి చూసేవాళ్ళం, తర్వాత మానేశాం. శ్మశానాల్లో పొయ్యిలు ఆర్పే తీరిక లేక ఇనుప చట్రాలు కరుగుతున్నాయని బ్యాంకులో విన్నాను. ఇంటికొచ్చి చెప్పలేదు. మా ఇంట్లో వేడి గురించిన మాటలు అప్పటికే ఎక్కువయ్యాయి.

మామయ్యకు జ్వరం వచ్చింది. పరీక్షలో కరోనా అని తేలింది. డాక్టరు ఫోన్లోనే మందులు చెప్పి, ఒక మాట గట్టిగా చెప్పాడు. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు కొనుక్కోండి, తొంభై నాలుగు దాటి ఉంటే ఇంట్లోనే ఉంచండి, తగ్గితే ఒక్క పూట కూడా ఆగకండి అని.

మీటర్ల కోసం ఊరంతా తిరుగుతున్న రోజులవి. జయదేవ్ ఉధ్నా స్టేషన్ దగ్గర ఒక దుకాణంలో నీలం రంగుది పట్టుకొచ్చాడు. మామయ్య వేలికి పెడితే తొంభై ఆరు. అందరం ఊపిరి పీల్చుకున్నాం, మా ఆయన తప్ప.

"ఒక్కటి చాలదు," అన్నాడు జయదేవ్. "ఇది తప్పు చూపిస్తే మనకెలా తెలుస్తుంది? వేరే కంపెనీది ఇంకోటి కావాలి."

మళ్ళీ ఎండలో పడి వెళ్ళి, భేస్తాన్‌లో ఉండే సహోద్యోగి దగ్గర తెల్లది సంపాదించాడు. డబ్బా వేరు, పేరు వేరు, అట్ట మీద దేశం కూడా వేరు. దాన్ని ఇంకో వేలికి పెట్టాడు. తొంభై అయిదు. అప్పుడు గానీ మా ఆయన ముఖం తేటపడలేదు.

ఆ తర్వాత అత్తయ్య ఆ గదిలోంచి బయటకు వచ్చింది చాలా తక్కువ. మాస్కు కట్టుకోమంటే కట్టుకునేది, దూరంగా ఉండమంటే మాత్రం వినలేదు. ఆయన్ని బోర్లా పడుకోబెట్టి వీపు నిమిరేది. గంజి కాచి చెంచాతో పట్టేది. మిరియాల చారు, అల్లం రసం, తడిగుడ్డ. చేయి నొప్పెడితే రెండో చేత్తో నిమిరేది. నేను చేస్తానంటే, "నీకు బ్యాంకు పని ఉంది కదమ్మా, నాకు ఈ పనే కదా" అనేది. పూటపూటకీ జయదేవ్ గుమ్మంలో నిలబడి రెండు మీటర్లూ అడిగేవాడు. ఒకటి తొంభై ఆరు, ఒకటి తొంభై అయిదు. అప్పుడప్పుడు అటుది ఇటు అయ్యేది.

నాకు మాత్రం అనుమానం పీకుతూనే ఉంది. మామయ్య ఒక వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగుతున్నారు. గాలి పీల్చుకుని మిగతా సగం చెబుతున్నారు. నోరు తెరిస్తే బండి ఆగని మనిషి ఆయన.

"నీరసం," అన్నాడు జయదేవ్.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల ముందు భాగీరథి బెన్ ఫోన్ చేసింది. ఆమె నాతోపాటు బ్యాంకులో పనిచేస్తుంది. తమ్ముడికి నది అవతల అమ్రోలిలో చిన్న నర్సింగ్ హోమ్ ఉంది.

"ఒక బెడ్ ఖాళీ అయింది. ఆక్సిజన్ ఉంది. అభీ లే ఆవో అమూల్యా, ఇప్పుడే తీసుకురా. కాసేపు పోతే నా చేతిలో ఉండదు," అంది.

బెడ్ ఎలా ఖాళీ అయిందో నేను అడగలేదు. గబగబా లోపలికి వెళ్ళాను.

"వెళ్దాం," అన్నాను.

జయదేవ్ రెండు మీటర్లూ తీసి తండ్రి రెండు చేతులకూ పెట్టాడు. తొంభై ఆరు. తొంభై అయిదు.

"చూడు," అన్నాడు.

"అంకెల్ని కాదు, మనిషిని చూడండి."

"మనిషిని చూస్తే నాకు భయమేస్తోంది అమూల్యా. భయపడి పనులు చేయకూడదు. అక్కడ హాలు నిండా రోగులే. కోలుకుంటున్న మనిషిని తీసుకెళ్ళి అందులో పడేయనా? ఒక్క మీటరే అయ్యుంటే నీ మాటే వినేవాణ్ణి. ఇవి రెండు కంపెనీలవి. రెండూ కలిసి ఎందుకు అబద్ధం చెబుతాయి?"

అది తెలివితక్కువ ప్రశ్న అని ఇప్పటికీ నేననను.

మామయ్య దిండు మీద తల తిప్పారు. "హోమ్ సిగ్నలూ... డిస్టెంట్ సిగ్నలూ... రెండూ గ్రీన్‌లో ఉంటే... బండి ఆపకూడదమ్మా," అన్నారు. కొడుకు మీద గర్వంతోనే అన్నారు.

"ఇక్కడైతే నేనున్నాను," అంది అత్తయ్య. "అక్కడ నన్ను లోపలికి రానిస్తారా?"

రానివ్వరు. అది నిజమే. నేను హాల్లోకి వచ్చి భాగీరథి బెన్‌కు ఫోన్ చేసి, ఇంకెవరికైనా ఇచ్చేయమన్నాను. సరేనంది. తర్వాత అందరం అన్నాలు తిన్నాం.

మర్నాడు సాయంత్రం ఆరిన బట్టలు తీద్దామని బాల్కనీలోకి వెళ్ళాను. అత్తయ్య దేన్నీ ఎక్కడపడితే అక్కడ పారేసే మనిషి కాదు. నీలం మీటరును స్పిరిటుతో తుడిచి, కనబడకుండా పోతుందని, తీగ మీద ఆరేసిన తువ్వాలు అంచుకు క్లిప్పులా తగిలించింది. అది అక్కడ వేలాడుతూ ఎర్రగా వెలుగుతోంది.

తొంభై ఆరు.

తువ్వాలు నిక్షేపంలా ఉంది.

నేను లోపలికి వెళ్ళి తెల్ల మీటరు తెచ్చి పక్కనే తగిలించాను. కాసేపు గీతలు చూపించి, తొంభై అయిదు అంది. తువ్వాలుకు నాడి కూడా చూపించింది, డెబ్బై రెండు. జయదేవ్‌ను పిలిచాను. ఎలా పిలిచానో తెలియదు, ఆయన చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు.

చూశాడు. నీలం దాన్ని తీసి తన వేలికి పెట్టుకున్నాడు. తీసి మళ్ళీ తువ్వాలుకు పెట్టాడు. మూడోసారి చూడలేదు.

"సంపత్‌ను పిలువు," అన్నాడు.

సంపత్ మా కింది వాటాలో ఉంటాడు. జగిత్యాల వైపు మనిషి. మగ్గాలు ఆగిపోయినప్పటి నుంచి అద్దె ఆటో తోలుతున్నాడు. రమ్మన్నదే తడవుగా మెట్లెక్కి వచ్చి, మామయ్య చంకల కింద చేతులు వేశాడు. వద్దని అడ్డు చెబితే కసురుకున్నాడు.

"నాకేమైతది అక్కా? పెద్దసార్‌ను నేను వట్టుకుంట, మీరు ముంగట నడువున్రి. సార్, జర కాళ్ళు లేపున్రి."

అత్తయ్య కూడా ఆటో ఎక్కింది. మామయ్య తల ఆమె భుజం మీద. ముందు అమ్రోలికే వెళ్ళాం. తాపీ నది వంతెన మీద గాలి కొట్టింది, మామయ్య ఆ గాలిని నోటితో తాగాలని చూశారు. భాగీరథి బెన్ తమ్ముడు గేటు దాకా వచ్చి రెండు చేతులూ జోడించాడు. మేం వద్దన్న బెడ్డు మీద ఒక నడివయసు ఆడమనిషి ఉందట. ఇంకో ఆస్పత్రికి వెళ్ళాం. మరో ఆస్పత్రికి వెళ్ళాం. సంపత్ ప్రతిచోటా ఆటో దిగి పరిగెత్తి అడిగొచ్చేవాడు.

"ఈడ గూడ గేటు బంద్ వెట్టిన్రు సార్. ఆడ జూడున్రి, అంబులెన్సులే లైను గట్టినయ్. మన ఆటోను ఎవలు వట్టిచ్చుకుంటరు? ఇంకేడికి పోదాం, చెప్పున్రి."

జయదేవ్ మాత్రం పక్కన కూర్చుని తండ్రి అరిచేయి రుద్దుతున్నాడు.

చివరికి ఒక పెద్ద ఆస్పత్రి బయట వేసిన గుడారంలో తీసుకున్నారు. నర్సు తన మీటరు మామయ్య వేలికి పెట్టింది. అరవై ఎనిమిది. ఆ పిల్ల ఆ అంకెను చూసి, మామయ్యను చూసి, మళ్ళీ అంకెను చూసింది.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది? ఇంట్లో చూసుకోలేదా?" అని హిందీలో అడిగింది.

"చూశాం," అన్నాడు జయదేవ్. "రెండు మీటర్లతో..." అని ఆగిపోయాడు.

అత్తయ్యను లోపలికి రానివ్వలేదు. మంచం తోసుకెళ్ళేటప్పుడు ఆమె మామయ్య వీపు మీద చేయి వేయబోయింది. ఆయన వెల్లకిలా ఉన్నారు, అందలేదు.

ఆ తర్వాత ఫోనే. రోజూ ఆస్పత్రి నుంచి ఎవరో ఒక అబ్బాయి ఫోన్ చేసి ఎంత ఆక్సిజన్ పెడుతున్నారో చెప్పేవాడు. ఒక్కసారి మాత్రం తెర మీద మామయ్యను చూపించాడు. మాస్కు లోపల పెదవులు కదిలాయి. పెట్టె నడుస్తోందా అని అడుగుతున్నారని జయదేవ్‌కు అర్థమైంది. "నడుస్తోంది నాన్నా, బాగా నడుస్తోంది," అన్నాడు. అది ఆ సాయంత్రం నుంచీ ఆగిపోయే ఉంది. ఏసీ వేయడం ఎవరికీ గుర్తులేదు.

మే మొదట్లో ఒక ఉదయం ఆ అబ్బాయి కాక ఇంకెవరో ఫోన్ చేశారు.

సూరత్ శ్మశానాల్లో చోటు లేక మామయ్యను పక్క ఊరు బార్డోలి తీసుకెళ్ళారు. జయదేవ్, సంపత్ ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని వెళ్ళారు. అత్తయ్య ఆయన ముఖం కూడా చూడలేదు. బతికున్న రోజుల్లో ఏ వేళకు వస్తారో తెలియని మనిషి, పోయాక ఏ వేళకు వెళ్ళిపోయారో కూడా మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

తుఫాను ఒకటి తీరాన్ని ఒరుసుకుంటూ పోయిన రోజుల్లో, గాలికి తలుపులు కొట్టుకుంటుంటే, జయదేవ్ భోజనాల బల్ల మీద రెండు మీటర్లూ పెట్టుకుని చిన్న స్క్రూడ్రైవర్‌తో విప్పాడు. నీలం డొల్ల ఒక పక్క, తెల్ల డొల్ల ఒక పక్క. లోపలి పచ్చ పలక రెండింట్లోనూ ఒకటే. దాని మీద అచ్చు వేసిన నంబరు కూడా ఒకటే.

"సంబంధం లేని రెండు," అన్నాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

నేను ఓదార్చలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నాకు ఆయన మీద కోపంగా ఉండేది. మనిషి ఊపిరాడక సగం సగం మాటలు మాట్లాడుతుంటే, పక్కనే కూర్చుని అంకెలు సరిపోల్చుకున్నాడని కోపం. రాత్రింబవళ్ళు కుమిలిపోతున్న మనిషి మీద ఆ కోపం చూపించడానికి చేతులు రాక, గిన్నెల మీద చూపించేదాన్ని.

ఆయన పలకలు బల్ల మీదే వదిలేసి పెట్టె ముందు కూర్చున్నాడు. ఏసీ వేశాడు. వేడి లెక్కల్లో కంప్యూటర్ ప్రతి గడి దగ్గరా పాచిక వేసి చూస్తుందట, కోట్లసార్లు. రెండు కోతలకూ రెండు ప్రోగ్రాములు విడివిడిగా రాశాడు కానీ, పాచిక వేసే ముక్క మాత్రం ఒకటే. పని తొందరగా అవుతుందని ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో అతికించాడు. ఆ పాచిక తప్పు వేస్తే రెండూ కలిసే తప్పుతాయి. ఇప్పుడు కొత్త పాచిక రాసి మళ్ళీ నడిపించాడు. కొన్నాళ్ళకు జవాబు వచ్చింది. ఒక కోతలో మెల్లగా సడలింది. ఇంకో కోతలో ఠపీమని తెగింది. మునుపటిలాగే.

అదే వారంలో వ్యాసం వేసుకుంటామని పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. వెనక్కి తీసుకుంటున్నానని రెండు ముక్కలు రాసి పంపించాడు.

"అయితే మీ సిద్ధాంతం తప్పా?" అని అడిగాను.

"తప్పని కూడా తేలలేదు. నిజంగా లోపల ఒకటే జవాబు ఉండి ఉండొచ్చు. నాకు మాత్రం తెలియదు. కలిశాయనుకున్నవి కలవలేదు, ఇంతే తెలిసింది," అన్నాడు. ఆ కుర్చీలోంచి లేచి మళ్ళీ అందులో కూర్చోలేదు. కాలేజీ ఆఫీసు తెరిచాక పెట్టెను ఎవరో వచ్చి తీసుకెళ్ళారు.

పరామర్శల ఫోన్లు మాత్రం ఆగలేదు. ఒంగోలు నుంచి, బెజవాడ నుంచి, పాత రైల్వే కాలనీల నుంచి. అత్తయ్యకు సరిగ్గా వినపడదని స్పీకరు పెట్టేవాళ్ళం. అందరూ ఒకటే మాట. "ఎక్కడికి తీసుకెళ్ళినా అంతే వదినా. పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో ఉన్నవాళ్ళే పోయారు." "ముందు తీసుకెళ్ళినా అంతే పిన్నీ, ఆయన టైము వచ్చింది." పాపం, వాళ్ళకు తెలియకుండానే ప్రతివాళ్ళూ మా ఆయన సిద్ధాంతమే ఆయనకు అప్పజెబుతున్నారు. ఎలా కోసినా అదే జవాబు. ఆ మాట వినపడగానే జయదేవ్ లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయేవాడు. అత్తయ్య మాత్రం ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా దాని వైపే చూస్తూ ఉండేది.

జూన్‌లో వాన పడ్డ మొదటి మధ్యాహ్నం. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. కిటికీలోంచి ఆ చప్పుడూ వాన చప్పుడూ కలిసి వస్తున్నాయి. ముగ్గురం హాల్లో ఉన్నాం. పెట్టె పోయినచోట నేల మీద దుమ్ము అచ్చు ఉంది, తుడవడానికి ఎవరికీ చేతులు రాలేదు.

"నాన్నా," అంది అత్తయ్య. "ఒకటడుగుతాను. అందరూ చెప్పే మాట నాకొద్దు. లెక్కలు తెలిసినవాడివి, నువ్వు చెప్పు. ఆ బ్యాంకు అమ్మాయి ఫోన్ చేసిన రోజే అమ్రోలి తీసుకెళ్ళుంటే, మీ నాన్న ఉండేవారా?"

మళ్ళీ మొదట్నుంచి నడిపి చూడటానికి వీల్లేని లెక్క అది. తెలియదు అనడమొక్కటే నిజం. ఆ మాట జయదేవ్ పెదవుల దాకా రావడం నేను చూశాను. ఆయన తల్లి ముఖం చూశాడు. ఆ ఇంట్లో ఆ ఒక్క జవాబు కోసమే ఆమె నెల రోజులుగా తింటోంది, పడుకుంటోంది, లేస్తోంది.

"ఉండేవారు కాదమ్మా," అన్నాడు. "ఎలా చేసినా ఇంతే."

మంచిపని చేశాడనుకున్నాను. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి ఆయన మీద జాలి కలిగింది. ఆమె కాసేపైనా నిద్రపోతుందని ఆశపడ్డాను.

అత్తయ్య తల ఊపింది.

"ఎలా చేసినా ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"అయితే నేను చేసింది కూడా లెక్కలోకి రాదన్నమాట," అంది. నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకున్నట్టు అంది. "బోర్లా పడుకోబెట్టి అన్ని రోజులు వీపు నిమిరాను. గంజి తాగనంటే బతిమాలి పట్టాను. నిమిరితే ఊపిరి బాగా ఆడుతోందే అనేవారు. నిమరకపోయినా ఇంతే కదా."

జయదేవ్ నోరు తెరిచాడు. కాదమ్మా అనాలంటే ముందన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఆమె చేసింది లెక్కలోకి వస్తే, మేం చేయనిది కూడా వస్తుంది. ఒకటి ఉంచుకుని రెండోది కొట్టేయడానికి లేదు. ఆయన నా వైపు చూశాడు.

"పోనీలే," అంది అత్తయ్య, మా ఇద్దరినీ చూసి.

చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఆ రోజు ఇక ఏ పనికీ వాటిని ఎత్తలేదు.